ఆజాదు వీసా

గల్ఫు దేశములలో పన్ను లేదను మాట జగిత్యాల, సిరిసిల్ల, నిర్మలు పల్లెలలో మంత్రమువలె పనిచేయుచున్నది. జీతముపై ఆదాయపు పన్ను లేకుండుట నిజమే. కాని 2018 జనవరి 1 నుండి సౌదీలోను, దుబాయి మున్నగు ఎమిరేట్లలోను సరకులపై నూటికి 5 వంతుల పన్ను వచ్చినది. సౌదీలో 2020 జులైలో అది 15 అయ్యెను. ఆలుబిడ్డల నుంచుకొన్నవానికి అచట 2017లో తలకు నెలకు 100 రియాళ్లుగానున్న రుసుము 2020 నాటికి 400 అయ్యెను. కూలివాని కుటుంబ మూరనే యుండును గనుక ఆ బాధ వానికి లేదు.

వానిని పిండు పన్ను వేరు. అది యే గెజెట్టునను కానరాదు. ఆజాదు వీసాపై బోయినవాడు కాగితముమీద నొక కఫీలు పనివాడు. నిజమునకు తన పని తానే వెదకికొని, ఏటేట అనుమతి నిలుపుకొనుటకు కఫీలునకు సొమ్ము ముట్టజెప్పును. గడికి మామూళ్లు మోసిన తాతలు మనకు తెలియనివారా? ఏజెంటు దీనినే స్వతంత్రవృత్తి యనుచున్నాడు! సౌదీ కార్మికశాసనము కఫీలును విడిచి సొంతముగా పనిచేయుటను నిషేధించినది. పట్టుబడినవానిని స్వదేశమునకు త్రోలుదురు. ఇచ్చిన సొమ్మునకు రసీదు లేదు గనుక మొర వినువారుండరు.

1983 నాటి వలసల చట్టము రిజిస్ట్రేషను లేని యేజెంటును నేరస్థునిగానే యెంచినది. పాస్‌పోర్టు చేతికిచ్చుటకు మున్నే, యజమాని యెవరో, జీతమెంతో తెలుగున వ్రాసిన యొడంబడికను కూలివానికి చదివి వినిపింపవలెనని మేము కోరుచున్నాము.