ఓడ కిరాయి ఎవరి కూలిలోంచి?

"ఓడ కిరాయి పెరిగిందంట అక్కా, కూలి పెంచలేరంట. ఆ ఓడ మేమెక్కామా?" అని అడిగింది కాకినాడ వైపు రొయ్యలు వలిచే ఒకామె. నా దగ్గర జవాబు లేకపోయింది.

2023 నవంబరులో ఎర్ర సముద్రంలో ఓడలపై దాడులు మొదలయ్యాక, యూరప్ వెళ్లే కంటైనర్ ఓడలు చాలావరకు సూయెజ్ కాలువ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. రోజులు, ఇంధనం, కిరాయి అన్నీ పెరిగాయి. ఆ భారాన్ని ఎగుమతిదారు కాంట్రాక్టరు మీదికి, కాంట్రాక్టరు కూలి మీదికి తోస్తారు. కిరాయి తగ్గినప్పుడు మాత్రం కూలి పెరగదు!

ప్రపంచ వాణిజ్య సరుకులో 80 శాతానికి పైగా ఓడల్లోనే వెళ్తుంది. ఆ లెక్కల్లో మంచునీళ్లకు తిమ్మిరెక్కే స్త్రీల వేళ్లకు పద్దు లేదు. కిలో లెక్కన వలిచినా రోజుకు కనీస వేతనం దక్కాలి. వ్యాపార నష్టాన్ని అందులోంచి కోయకూడదు. మన సంఘాలు ముందుగా నిలబడాల్సింది ఇక్కడే.