పరీక్ష రాసి తెచ్చుకున్నది పట్టా కాదా?

సీఏ పాసైన కుర్రాణ్ణి "నువ్వు ఏ కాలేజీలో చదివావు?" అని మనవాళ్లెవరూ అడగరు. ఎన్నో అటెంప్టులో అయింది, రెండు గ్రూపులూ ఒకేసారి కొట్టాడా, ఏ ఆడిటర్ దగ్గర ఆర్టికల్స్ చేశాడు, ఇవే అడుగుతారు. గుంటూరులో అద్దెగది తీసుకుని, మెస్సులో తింటూ, రాత్రింబవళ్లు పుస్తకాల ముందు కూర్చున్నవాడు పాసైతే ఊరంతా చెప్పుకుంటుంది. వ్యాపార చదువుల్లో తెలుగువాళ్లం అన్నిటికన్నా ఎక్కువ గౌరవించే అర్హత పరీక్షలు నెగ్గితేనే వస్తుంది. తరగతి గది ఎక్కడని మనకు పట్టింపు లేదు.

అలాంటి మనమే అమెరికా వచ్చాక ఇంకో మాట మాట్లాడుతున్నాం. తరగతికి వెళ్లకుండానే కాలేజీ క్రెడిట్ తెచ్చిపెట్టే క్లెప్ లాంటి పరీక్షలు రాసి, ఆన్‌లైన్ కోర్సులు పూర్తిచేసి, ఆ క్రెడిట్లతో బిజినెస్ డిగ్రీ తెచ్చుకున్నవాళ్లను చూసి పెదవి విరుస్తున్నాం. "అదీ ఒక డిగ్రీయేనా?" అంటున్నాం. న్యూజెర్సీలో ఇరవై ఏళ్లుగా లెక్కల పని చేసుకుంటున్న నేను ఈ మాట ఎన్ని పుట్టినరోజు భోజనాల దగ్గర విన్నానో లెక్కలేదు. ఇది తప్పు మాట. తప్పు మాత్రమే కాదు, కొంతమంది బతుకుల్ని నిలబెట్టే దారిని మూసేసే మాట.

మా మేనకోడలి సంగతే చెబుతాను. తెనాలి పిల్ల. నాగార్జున యూనివర్సిటీలో బీకాం చేసి, పెళ్లయి, హెచ్4 వీసా మీద ఇక్కడికి వచ్చింది. కొన్నేళ్లకు పనిచేసే అనుమతి చేతికొచ్చింది. సర్టిఫికెట్లను మదింపుకు పంపితే, మూడేళ్ల బీకాంను మూడేళ్ల కాలేజీ చదువుగానే లెక్కగట్టారు. ఇక్కడ బ్యాచిలర్స్ అంటే 120 క్రెడిట్లు, అంటే నాలుగేళ్లు. ఒక్క ఏడాది తక్కువైనందుకు దరఖాస్తు ఫారంలో "డిగ్రీ ఉంది" అన్న గడిలో టిక్కు పెట్టలేని స్థితి. చంటిపిల్ల, ఒక్క జీతం, ఇంటద్దె. రోజూ కాలేజీకి వెళ్లే వీలూ లేదు, ఫీజు కట్టే స్తోమతా లేదు.

అప్పుడు తను ఒక రూళ్ల పుస్తకం తీసుకుని మా ఇంటికి వచ్చింది. "మావయ్యా, నాకు మిగిలింది ఏమిటో గీసి చూద్దాం" అంది. ఎడమవైపు, తను చేరదలచుకున్న విశ్వవిద్యాలయం అడిగే సబ్జెక్టులు రాశాం. మధ్యలో బీకాంలో ఇప్పటికే చదివినవి. కుడివైపు ఖాళీ. ఆ ఖాళీలో ఎక్కడ పరీక్ష సరిపోతుంది, ఎక్కడ ఆన్‌లైన్ కోర్సు కావాలి, ఎక్కడ విశ్వవిద్యాలయంలోనే చదివి తీరాలి అని మూడు రంగుల పెన్నులతో గుర్తులు పెట్టింది. ఆ పేజీ పూర్తయ్యేసరికి రాత్రి పదకొండయింది.

మొదటి క్లెప్ పరీక్ష బిజినెస్ లా. తొంభై నిమిషాలు, వంద ప్రశ్నలు. అందులో కాంట్రాక్టులదే పెద్ద వాటా. 1872 నాటి మన ఇండియన్ కాంట్రాక్ట్ యాక్టు బీకాంలో బట్టీ పట్టి చదివింది కాబట్టి ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం దగ్గర తనకు ఇబ్బంది లేదు. అమెరికా కోర్టుల అంచెలు, ఇక్కడి వాణిజ్య నియమావళి మాత్రం పూర్తిగా కొత్త. పిల్లను పడుకోబెట్టి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని రెండు నెలలు చదివింది. కొత్త పదాలు చీటీల మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అతికించేది. చారుకు పోపు పెడుతూ వాటిని పైకి చదువుకోవడం నేను కళ్లారా చూశాను.

పరీక్ష రోజు తీసుకెళ్లింది నేనే. కమ్యూనిటీ కాలేజీలో ఒక చిన్న గది. ఫోను, గడియారం, సంచి లాకర్లో పెట్టించారు. గుర్తింపు కార్డు చూశారు. చిత్తు కాగితం కూడా వాళ్లే ఇచ్చారు, వెళ్లేటప్పుడు వెనక్కి తీసుకున్నారు. ఈ పరీక్షకు 20 నుంచి 80 వరకు మార్కుల కొలత ఉంటుంది, క్రెడిట్‌కు సాధారణంగా కనీసం 50 రావాలి. ఫలితం అక్కడే తెర మీద కనిపిస్తుంది. బయటికొచ్చి నాతో ఒక్కమాట కూడా మాట్లాడకుండా కారులో కూర్చుని ఏడ్చింది. 61 వచ్చింది.

ఆ తర్వాత వారమే ఒక పుట్టినరోజు విందులో, అందరం గౌరవించే పెద్దాయన ఒకరు తనతో అన్నారు: "ఏమ్మా, ఇంట్లో కూర్చుని పరీక్షలు రాస్తే డిగ్రీ ఇచ్చేస్తారా? అలాంటివి ఎందుకూ కొరగావు. చేరితే మంచి యూనివర్సిటీలో చేరు, లేకపోతే ఊరుకో." ఆయన మనసులో కుట్ర లేదని నాకు తెలుసు. కానీ ఆ పిల్ల తింటున్న పళ్లెం పక్కన పెట్టేసింది. ఈ వ్యాసం ఆ పళ్లెం గురించే.

ఆయన మాటలో మొదటి పొరపాటు, ఇదేదో ఈమధ్య పుట్టిన దొడ్డిదారి అనుకోవడం. పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడం మనకు తాతల నాటి సంగతి. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో. పాఠాలు చెప్పింది కాలేజీలు, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చింది విశ్వవిద్యాలయం. మరుసటి ఏడాదే, 1858లో, లండన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఎక్కడ చదివినా సరే, వచ్చి పరీక్ష రాయవచ్చంది. అమెరికాలో సైనికుల శిక్షణను కాలేజీ క్రెడిట్లుగా తూచే పని రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచే అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ చేస్తోంది. క్లెప్‌ను కాలేజీ బోర్డు 1967లో మొదలుపెట్టింది. 1971లో న్యూయార్క్, 1972లో మా న్యూజెర్సీ, 1973లో కనెక్టికట్, ఇలా వరసగా మూడు రాష్ట్రాలు ఉద్యోగాల్లో, సంసారాల్లో ఉన్న పెద్దవాళ్ల కోసం పనిగట్టుకుని డిగ్రీలు పెట్టాయి. న్యూజెర్సీ పెట్టినదే ఇవాళ్టి థామస్ ఎడిసన్ స్టేట్ యూనివర్సిటీ. నేనుండే ఎడిసన్ ఊరి నుంచి కారులో గంటలోపు ప్రయాణం, ట్రెంటన్‌లో ఉంది. ఇన్ని వేల తెలుగు కుటుంబాలున్న చోట దాని సంగతి తెలిసినవాళ్లు ఎంత తక్కువమందో చూస్తే నాకు దిగులేస్తుంది.

రెండో మాట, "సులువుగా ఇచ్చేస్తారు" అనేది. రాసి చూసినవాళ్లు ఆ మాట అనరు. ఈ పరీక్షల్లో హాజరు మార్కులు లేవు, ఇంటర్నల్స్ లేవు, లెక్చరర్ దయతలచి కలిపే రెండు మార్కులు లేవు. తప్పితే మళ్లీ అదే పరీక్షకు మూడు నెలలు ఆగాలి. నేను తరగతి గదిలో కూర్చుని బీకాం చేసినవాణ్ణే. తొంభైమంది ఉన్న గదిలో లెక్చరర్ నోట్సు చెబుతుంటే రాసుకున్నాం, పరీక్షకు ముందు పదిహేను రోజులు గైడు చదివాం. మా డిగ్రీని ఎవరూ వేలెత్తి చూపలేదు. వంటింటి బల్ల దగ్గర నా మేనకోడలు చదివిన చదువు దానికన్నా గట్టిది.

పైగా మొత్తం డిగ్రీ పరీక్షలతోనే అయిపోదు. క్లెప్ ఇచ్చేవి చాలావరకు మొదటి రెండేళ్ల స్థాయి క్రెడిట్లు. పై స్థాయి సబ్జెక్టులు కోర్సులుగా చదవాలి. వ్యాపార వ్యూహం మీద చివరి క్యాప్‌స్టోన్ కోర్సు లాంటివి డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయం దగ్గరే, దాని అధ్యాపకుల కింద, వారం వారం వ్యాసాలు రాస్తూ పూర్తిచేయాలి.

ఇక డబ్బు. అసలు గొడవంతా ఇక్కడే ఉందని నా అనుమానం. కాలేజీ బోర్డు లెక్క ప్రకారం 2024-25లో సొంత రాష్ట్రపు ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఏడాది ఫీజు సగటున 11,610 డాలర్లు. ప్రైవేటులో 43,350. తిండి, వసతి వేరే. ఏడాదికి ముప్ఫై క్రెడిట్లనుకుంటే, చౌకదానిలోనే మూడు క్రెడిట్ల ఒక్క సబ్జెక్టుకు సుమారు 1,160 డాలర్లు పడుతుంది. అదే సబ్జెక్టుకు క్లెప్ పరీక్ష రుసుము సుమారు వంద డాలర్లు, పరీక్ష కేంద్రం తీసుకునేది కొంత. మోడర్న్ స్టేట్స్ అనే ధర్మసంస్థ ఉచిత కోర్సు పూర్తిచేసినవాళ్లకు ఆ పరీక్ష రుసుము కూడా తనే కడుతుంది. సోఫియా లాంటి చోట్ల నెలకు సుమారు వంద డాలర్ల చందాతో ఆన్‌లైన్ కోర్సులు దొరుకుతాయి.

ఖర్చు తక్కువైతే చదువు కూడా తక్కువరకం అయి ఉంటుందన్న నమ్మకం మనలో బలంగా ఉంది. ఎకరం పొలం తాకట్టు పెట్టి, నలభై లక్షల అప్పు తెచ్చి, పేరైనా వినని యూనివర్సిటీలో మాస్టర్స్‌కు వచ్చిన పిల్లవాణ్ణి "ఆ చదువు పాటిదేనా?" అని ఏ విందులోనూ ఎవరూ అడగరు. అప్పు పెద్దది కాబట్టి చదువూ పెద్దదే అనుకుంటాం. నూరు డాలర్లతో సబ్జెక్టు గట్టెక్కిన ఇల్లాలికి మాత్రం పరువు లేదంటాం. మన ఊళ్లలోనూ ఇదే వరస. 1982లో దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది మన తెలుగునాటే. ఇవాళ అది హైదరాబాద్‌లో అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. అయినా "ఓపెన్ డిగ్రీ" అన్న మాటను తిట్టులా వాడతాం. గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు మామూలు డిగ్రీలతో సమానమని 2022లో యూజీసీ మళ్లీ చెప్పాల్సివచ్చింది. సమానమని సర్కారు చెప్పినా పెళ్లిచూపుల్లో చెల్లదు.

కాలేజీ ఆవరణ అక్కర్లేదని నేను అనడం లేదు. పద్దెనిమిదేళ్ల పిల్లకు మంచి విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్పుతో సీటు వస్తే వెళ్లి తీరాలి. స్నేహాలు, గురువుతో వాదన, కంపెనీలు ఆవరణకే వచ్చి ఉద్యోగాలివ్వడం, వీటి విలువ నాకు తెలుసు. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లకు ఈ దారి పనికిరాదు కూడా. వాళ్లు నిబంధన ప్రకారం తరగతులకు వెళ్లాల్సిందే. నేను మాట్లాడుతున్నది ఇక్కడే ఉంటూ, డిగ్రీ సగంలో ఆగి, జీతం పెరగక, దరఖాస్తు గడి దగ్గర ఆగిపోయినవాళ్ల గురించి.

పెద్దవాళ్ల అనుమానంలో ఒక్క ముక్క మాత్రం నిజం. అనుభవమే చదువంటూ డబ్బు తీసుకుని పట్టా అచ్చేసి ఇచ్చే దొంగ దుకాణాలు ఈ దేశంలో ఉన్నాయి. అందుకే విశ్వవిద్యాలయానికి అక్రిడిటేషన్ ఉందో లేదో అమెరికా విద్యాశాఖ జాబితాలో చూసుకోవాలి. అది రెండు నిమిషాల పని. దొంగ నోట్లున్నాయని మనం నోట్లు పుచ్చుకోవడం మానలేదు కదా.

ఇంతకంటే ఎక్కువమందిని ముంచేది తొందర. ఎవరో చెప్పారని పరీక్షలు రాసేసి, ఆ తర్వాత విశ్వవిద్యాలయం వెతుక్కుంటారు. నాకు తెలిసిన ఒకాయన మేనేజ్‌మెంట్ పరీక్ష కష్టపడి పాసయ్యాడు. తీరా చూస్తే ఆయన బీకాంలో ఆ పేపరు అప్పటికే ఉంది. ఒకే సబ్జెక్టుకు రెండుసార్లు క్రెడిట్ ఇవ్వరు. శ్రమంతా వృథా. ముందు డిగ్రీ ఇచ్చే చోటు తేల్చుకోవాలి. వాళ్లు ఏ పరీక్షను దేనికింద జమ కడతారు, ఎన్ని మార్కులు అడుగుతారు, బయటి క్రెడిట్లు ఎన్ని తీసుకుంటారు అన్నది చూసి, సలహాదారు చేత ఈమెయిల్లో రాయించుకోవాలి. పరీక్షకు డబ్బు కట్టడం ఆ తర్వాతి సంగతి. ఇక్కడి సీఏ లాంటి సీపీఏ రాయాలనుకుంటే మీ రాష్ట్ర బోర్డు ఈ క్రెడిట్లను ఎలా చూస్తుందో ముందే కనుక్కోవాలి. ఇండియాకు తిరిగి వెళ్లి ప్రభుత్వ ఉద్యోగం చేసే ఆలోచన ఉంటే అక్కడి సమానత్వ నిబంధనలు చదవాలి. ఇంత జాగ్రత్తగా ప్రణాళిక వేసుకున్న మనిషిని దొడ్డిదారి పట్టిందనడం అన్యాయం.

మా మేనకోడలు పదిహేను నెలల్లో డిగ్రీ పూర్తిచేసింది. ఇప్పుడు ఒక ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో పనిచేస్తోంది. ఇంటర్వ్యూలో తనను అడిగింది ఎక్సెల్ వచ్చా, సోమవారం నుంచి రాగలవా అని. ఆ రూళ్ల పుస్తకం ఇంకా తన దగ్గరే ఉంది. అందులో ఆ పేజీని ఈమధ్య మా వీధిలోనే ఉండే ఇద్దరు ఆడపిల్లలు ఫోటో తీసుకెళ్లారు.

ఈసారి ఏ విందులోనైనా ఒక పిల్ల వచ్చి "అంకుల్, నేను పరీక్షలు రాసి డిగ్రీ పూర్తిచేద్దామనుకుంటున్నాను" అంటే, దయచేసి కొరగాదని అనకండి. ఏ విశ్వవిద్యాలయం అనుకుంటున్నావు, ఏమేం మిగిలాయి అని అడగండి. చేతనైతే, పరీక్ష రోజు ఆ చంటిపిల్లను రెండు గంటలు మీ ఇంట్లో ఉంచుకోండి.