నీడ, నీళ్లు, పనివేళ

మే నెలలో ఇంటికి స్లాబు వేస్తుండగా మీరు చూసే ఉంటారు. మిల్లరు ఆగదు, కాబట్టి తట్టలు మోసేవాళ్లూ ఆగరు. మధ్యలో ఆపితే అతుకు పడుతుందని మేస్త్రీ తొందరపెడతాడు. అతని మాట అబద్ధం కాదు. కాని ఆ పని తెల్లవారుజామున మొదలుపెట్టడానికి అడ్డేమిటి? మోసేవాళ్లను రెండు జట్లు చేసి, మార్చి మార్చి పెట్టడానికి అడ్డేమిటి? ఖర్చు కొంచెం పెరుగుతుంది, అంతే.

2015 మే నెలలో మన దేశంలో వడగాల్పులకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారే. ఇలాంటప్పుడు మనం ఎండను తిట్టి ఊరుకుంటాం. తప్పు ఎండ ఒక్కదానిదే కాదని నా అభిప్రాయం.

బరువు మోసే మనిషి ఒంట్లోనే వేడి పుడుతుంది. చెమట ఆరితేనే అది తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు. కోస్తా ఊళ్లలో ఉక్కపోతకు ప్రాణం ఉసూరుమనేది అందుకే. ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటి, మనిషి తూలుతూ పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బ. తాగి వచ్చాడేమోనని నవ్వకండి. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు పోస్తూ విసరండి. వెంటనే 108కి ఫోన్ చేయించండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు.

పనిచేసేటప్పుడు దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు తాగాలి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఇంకా మంచిది. ఈ సలహా అందరూ ఇస్తారు. కాని ఆడకూలీలు చాలామంది నీళ్లు ఎందుకు తాగరో అడిగారా? పనిచోట మరుగు ఉండదు. ముందు ఆ ఏర్పాటు చేసి, తర్వాత సలహా చెప్పాలి.

ఒంటికి ఎండ అలవాటు కావడానికి వారం, రెండు వారాలు పడుతుంది. కొత్తగా చేరిన కూలీకి మొదటిరోజే పూర్తి పని అప్పగించడం అందుకే ప్రమాదం.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 250 మందికి మించి పనిచేసేచోట వేసవిలో తాగునీటిని చల్లబరచి ఇవ్వాలంది. మిరపకాయలు కోసే కూలీలకు ఆ చట్టం వర్తించలేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోట నీళ్లు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలంది. మంచిదే. కాని కొలతను బట్టి కూలి లెక్కకట్టేచోట, నీడలో కూర్చున్నంతసేపూ కూలి తగ్గుతుంది. ఇక పందిరి వేసినా ఎవరు కూర్చుంటారు? ఎండాకాలంలో కొలత తగ్గించి కూలి మాత్రం పూర్తిగా ఇవ్వాలి. ఏ పనికైనా ఇదే వర్తించాలి.

మీ పనిచోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పని ఆపుతున్నారా? లేకపోతే మేస్త్రీని అడగండి. ఒక్కరే అడిగితే రేపటి నుంచి రావద్దనవచ్చు. జట్టంతా కలిసి వెళ్లండి.