మైత్రి క్లినిక్ దండగ ఖర్చు కాదు



ట్రాన్స్‌జెండర్లకు వేరే క్లినిక్ ఎందుకు, పెద్దాసుపత్రిలో అందరితోపాటు చూపించుకోవచ్చు కదా అని మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. ఆయన అనుకున్నంత తేలిక కాదది. ఓపీ చీటీ మీద పాత పేరు, ఆడవాళ్ల లైనా మగవాళ్ల లైనా అన్న గద్దింపు, చుట్టూ గుచ్చే చూపులు. ఇవన్నీ దాటితేగదా డాక్టరు గది! అందుకే కొందరు హార్మోన్ మాత్రలు కూడా రక్తపరీక్ష లేకుండా మందుల షాపులో కొని మింగుతున్నారు. అది ప్రాణాల మీదికి తెస్తుంది.

హైదరాబాద్ నారాయణగూడలో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్‌లో ట్రాన్స్‌జెండర్ డాక్టర్లే వైద్యం చేశారు. 2025 జనవరిలో అమెరికా నిధులు ఆగగానే మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరిట మళ్లీ తెరుచుకుంది. అయినా నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా పట్నం సుమారు వంద కిలోమీటర్లు. అచ్చంపేట వాళ్లకు ఇంకా దూరం. నెలనెలా కూలి వదులుకుని ఎవరు పోగలరు? 2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 33 జిల్లాల్లో ప్రారంభించిన మైత్రి క్లినిక్‌ల విలువ అక్కడుంది. వాటిలో మందులు ఎప్పుడూ ఉండాలి, ట్రాన్స్‌జెండర్లనే కౌన్సెలర్లుగా పెట్టాలి.

క్లినిక్‌లతోపాటు ఊళ్లలో అవగాహనా కావాలి. స్వలింగ ఆకర్షణ ఉన్న పిల్లల్ని 'మార్చేస్తాం' అనే చికిత్సను జాతీయ వైద్య కమిషన్ 2022లోనే వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ఆ మాట ఊళ్లలోని అమ్మానాన్నలకు ఎవరు చెప్పాలి? ఆశా కార్యకర్తలకు ఈ విషయంలో శిక్షణ ఇవ్వాలని నల్లగొండ, పాలమూరు జిల్లాల వైద్యాధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, మిర్యాలగూడ