ఎడారిని ఖాళీ చేసి బాల్కనీ నింపుకుందామా?

మొక్కల పిచ్చి ఉన్న ఆడవాళ్ళం నలుగురం కలిస్తే చాలు, ఈమధ్య మాట "అరుదైన కాక్టస్" మీదికే పోతోంది. ఎంత ముదురు మొక్కయితే అంత గొప్పట! నాకైతే ఈ గొప్ప నచ్చదు.

కోపియాపోవా సంగతే చూడండి. మన బ్రహ్మజెముడుకి చుట్టమే. చిలీలోని అటకామా ఎడారిలో, సముద్రం మీంచి వచ్చే పొగమంచు తడితో బతుకుతుంది. చాలా నెమ్మదిగా పెరుగుతుంది. పెద్దది కావాలంటే ఏళ్ళకేళ్ళు ఆగాలి. ఆగలేనివాళ్ళ కోసమే దొంగలు ఎడారిలోంచి పెకలించుకొస్తారు. 2020లో ఇటలీ పోలీసులు ఒక్కడి ఇంట్లోనే వెయ్యికి పైగా కాక్టస్‌లు పట్టుకున్నారు. మరుసటి ఏడాది వాటిలో చాలావాటిని చిలీకి తిప్పి పంపారు.

"అమ్మేవాళ్ళని అనండి, మమ్మల్నెందుకు?" అంటారా? కొనేవాళ్ళు లేకపోతే వాళ్ళు అమ్మేది ఎవరికండీ?

పోనీ, తెచ్చాక బతుకుతుందా? వాన ఎరగని మొక్కకి మన విశాఖలో జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు, వేసవిలో ఉక్కపోత. వేళ్ళు కుళ్ళిపోతాయి.

అంత ఇష్టముంటే విత్తనం నాటండి. లేదా విత్తనంతో పెంచిన చిన్న మొక్క కొనండి. ఎక్కడిదో అడగండి, చెప్పకపోతే వదిలేయండి. కుండీలో ఏటి ఇసుక, ఇటుక ముక్కలు ఎక్కువ వేయండి. బీచ్ ఇసుక వద్దు, అందులో ఉప్పుంటుంది. మట్టి పూర్తిగా ఆరాకే నీళ్ళు పోయండి. వానల్లో చూరు కిందికి జరపండి.

కొన్నేళ్ళకి నిమ్మకాయంత అయినా చాలు. అది దొంగసొత్తు కాదు, మీ చేతి మొక్క.