రోస్టరు రాసే కుర్చీ దాకా మన తల్లులు ఎందుకు చేరడం లేదు?



మన భవనం కింది అంతస్తులో, భోజనాల హాలు వెనక ఉన్న రెండు గదుల్ని పనిరోజుల్లో పిల్లల సంరక్షణ కేంద్రంగా నడుపుదామని పోయిన నెల మేము కార్యవర్గానికి అర్జీ ఇచ్చాం. దానిమీద చర్చ జరిగినప్పుడు పెద్దలొకరు అన్నారట: "ఎవరో కస్టమర్లు తిట్టే తిట్లు వినే ఉద్యోగం. దానికో ప్రమోషన్, ఆ ప్రమోషన్ కోసం పిల్లల్ని ఇక్కడ వదలడం!" నలుగురూ నవ్వారట. కార్యవర్గంలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లూ ఆ సమయానికి మధ్యాహ్నం భోజనాల ఏర్పాటు చూస్తున్నారు కాబట్టి జవాబు చెప్పేవాళ్లు లేకపోయారు.

ఆ జవాబు మేము ఇక్కడ చెబుతున్నాం. మాకు కోపం లేదని మర్యాదకు రాయవచ్చు గాని, ఉంది.

మేము ఏడుగురం. బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగువాళ్లం. కొందరం మూడో తరం, కొందరం నాలుగో తరం. అందరం కస్టమర్ ఎక్స్‌పీరియెన్స్ రంగంలో పనిచేస్తున్నాం, అందరం తల్లులం.

ముందు ఆ "తిట్లు వినే ఉద్యోగం" సంగతి. ఫోనెత్తి మాట్లాడడం అందులో మొదటి మెట్టు మాత్రమే. ఆపైన అసలు పని ఏమిటంటే, కస్టమరుకు ఎక్కడ ఇబ్బంది కలుగుతోందో కనిపెట్టి, ఆ ఇబ్బంది పెడుతున్న విభాగం చేత దాన్ని సరిచేయించడం. మాలో ఒకరు పనిచేసిన చోట, వయసు మళ్లినవాళ్లు ఒకే విషయం మీద మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తుండేవారు. ఓటీపీ పనిచేయడం లేదని. సాంకేతిక విభాగం లోపమేమీ లేదంది. ఆమె రికార్డయిన కాల్స్ కూర్చుని విన్నది. ప్రతి కాల్‌లోనూ ఒకే మాట: "ఉండమ్మా, కళ్లజోడు తెచ్చుకుంటా." కళ్లజోడు దొరికేలోపు ఓటీపీ గడువు అయిపోతోంది. గడువు పెంచమని మూడు విభాగాల చుట్టూ తిరిగి, రాసి, పోట్లాడి సాధించింది. ఆ తర్వాత ఆ కాల్స్ తగ్గిపోయాయి. మన సంఘంలో పింఛను తీసుకునే పెద్దలు ఎంతోమంది ఉన్నారు. ఇలాంటి పనివల్ల బాగుపడేది ముందు వాళ్లే.

ఈ పనికి కొలతలూ ఉన్నాయి. ఫలానా సంస్థను మీ వాళ్లకు సిఫారసు చేస్తారా, 0 నుంచి 10 లోపు మార్కు వేయండి అని మీ ఫోనుకు మెసేజ్ వస్తుంది కదా. 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ ప్రచారంలోకి తెచ్చిన నెట్ ప్రమోటర్ స్కోరు అది. 9, 10 వేసినవాళ్లు మెచ్చినవాళ్లు. 6, అంతకన్నా తక్కువ వేసినవాళ్లు నొచ్చుకున్నవాళ్లు. మెచ్చినవాళ్ల శాతంలోంచి నొచ్చుకున్నవాళ్ల శాతం తీసేస్తే వచ్చే అంకె మీద పెద్ద పెద్ద సంస్థల్లో బోనసులు తేలతాయి. ఆ అంకె ఎందుకు పడిందో చెప్పగలిగిన మనిషికి విలువ ఉంటుంది.

ఇందులో మనవాళ్లకు పుట్టుకతో వచ్చిన పెట్టుబడి ఒకటుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, పక్కింట్లో తమిళం, బజారులో హిందీ లేదా ఉర్దూ, బడిలో ఇంగ్లిషు. ఉగాది వేదికమీద మనం గొప్పగా చెప్పుకునే ఈ ఐదు భాషల చలవతోనే మాలో నలుగురికి మొదటి ఉద్యోగం దొరికింది. కోపంతో ఊగిపోతున్న మనిషితో అతని భాషలో రెండు మాటలు మాట్లాడితే గొంతు ఎలా దిగుతుందో మాకు తెలుసు. భాషను కాపాడుకోవాలని ప్రతి సభలో తీర్మానం చేసే సంఘం, ఆ భాషతో బతుకుతున్న ఆడపిల్లను చూసి నవ్వడం మాకు అర్థం కాలేదు.

ఇక ప్రమోషన్. ఏజెంటు, ఆపైన టీమ్ లీడరు, ఆపైన మేనేజరు. స్థూలంగా మెట్లు ఇవి. మన అమ్మాయిలు టీమ్ లీడరు దాకా చకచకా ఎక్కుతున్నారు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఇరవై ఎనిమిదో ముప్పయ్యో ఏళ్లు వస్తాయి, బిడ్డ పుడుతుంది. మాలో ఒకరు ప్రసూతి సెలవు అయ్యాక తిరిగి వెళ్తే, ఆమె టీమ్ ఇంకొకరి చేతిలో ఉంది. "నీకు సులువుగా ఉంటుంది" అని చెప్పి కాల్స్ విని మార్కులు వేసే పనిలో కూర్చోబెట్టారు. జీతం తగ్గలేదు. కానీ కింద మనుషులు లేరు, ముందు మెట్టు లేదు. మూడేళ్లు అక్కడే. ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఇప్పుడు ఆమె మేనేజరు.

2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలైంది, మొదటి ఇద్దరు పిల్లలకు. 50 మంది, అంతకుమించి పనిచేసేచోట శిశు సంరక్షణ వసతి ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చని కూడా అందులోనే వచ్చింది. మంచిదే. కానీ ఈఎస్ఐ పరిధిలో లేనివాళ్లకు ఆ 26 వారాల జీతమంతా యజమానే భరించాలి, ప్రభుత్వం పైసా పెట్టదు. తండ్రికి ప్రైవేటు ఉద్యోగంలో చట్టప్రకారం ఒక్కరోజు సెలవు కూడా లేదు. అంటే బిడ్డ అనేది ఆడదాని వ్యవహారమని చట్టమే కాగితం మీద రాసిపెట్టింది. కొత్తగా పెళ్లయిన అమ్మాయిని చూడగానే మేనేజరు మనసులో లెక్కలు మొదలవుతాయి.

ఆఫీసు సగం. మిగతా సగం ఇల్లు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనుల్లో పాల్గొనే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు అందులో గడిపితే, మగవాళ్లు 97 నిమిషాలు. ఆ 97 చూసి మా ఇళ్లలో కొందరు "అంతా?" అని ఆశ్చర్యపోయారు, అది వేరే సంగతి. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ అమెరికా లెక్కలన్నీ తిరగేసి తేల్చిందీ ఇంచుమించు ఇదే: ఒకే చదువు, ఒకే ఉద్యోగం ఉన్న ఆడా మగా జీతాలు మొదటి బిడ్డతోనే ఎక్కువగా విడిపోవడం మొదలవుతాయి.

"ఇద్దరూ సంపాదిస్తున్నారు కదమ్మా, ఇంకా పైకెందుకు?" అని మా మేనత్తలు, పెద్దమ్మలు ప్రేమగానే అడుగుతారు. డబ్బు కోసం అని చెప్పడానికి మాకు సిగ్గేమీ లేదు. కానీ డబ్బుకన్నా పెద్ద సంగతి రోస్టరు. ఎవరు పొద్దున షిఫ్టు, ఎవరు రాత్రి షిఫ్టు, ఎవరికి ఏ రోజు వారాంతపు సెలవు అన్నది మేనేజరు ఖరారు చేస్తాడు. సాయంత్రం నాలుగున్నరకు బడి బస్సు వస్తుందని, జ్వరమొచ్చిన పిల్లను ఆయా చేతిలో పెట్టి వస్తే కాళ్లూ చేతులూ ఆడవని ఎరగని మనిషి ఆ కుర్చీలో కూర్చుంటే, ప్రతి రెండువారాలకూ షిఫ్టు మార్చడం అతనికి ఒక గళ్ల కాగితం. ఆ కాగితం చూసి ఒక తల్లి రాజీనామా ఇస్తుంది. ఆమె వెళ్లిపోయింది కాబట్టి ఆ కుర్చీకి ఇంకో తల్లి చేరదు. మాలో ఒక్కరే ఆ కుర్చీదాకా వెళ్లారు. ఆమె చేసిన మొదటి పని, షిఫ్టుల పట్టిక నెల ముందే ఇవ్వడం. అంతే. ఆ ఏడు ఆమె కింద ఒక్క తల్లీ ఉద్యోగం మానలేదు.

ఇప్పుడు తొందర ఎందుకంటే, కింది మెట్టు కరిగిపోతోంది. "నా ఆర్డరు ఎక్కడుంది", "బ్యాలెన్సు ఎంత" లాంటి ప్రశ్నలకు చాట్‌బాట్లు జవాబు చెబుతున్నాయి. మనిషి దాకా వచ్చేది చిక్కుపడ్డ వ్యవహారమే. చిక్కు విప్పేవాళ్లు, విప్పించేవాళ్లు ఉంటారు. అడిగినదానికి చూసి చెప్పేవాళ్లు పోతారు. బిడ్డను కన్నదన్న కారణంగా కిందనే ఆగిపోయినవాళ్లు ముందు పోతారు.

తల్లి పనికి వెళ్లడం మన ఆచారం కాదనేవాళ్లకు ఒక్కమాట. షోలాపూరులో మన పద్మశాలి ఇళ్లలో మగ్గం పక్కనే బీడీలు చుట్టి సంసారాలు లాగింది ఎవరు? పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని వేళ్లు అరిగేలా చుట్టిన అమ్మలు. బొంబాయిలో మేడలు లేచినచోట ఇటుకలు మోసిన కామాఠీ స్త్రీలు? వాళ్లెవరికీ ఇంట్లో కూర్చునే వీలు లేదు. పని ఎప్పుడూ ఉంది. లేనిదల్లా ఆ పనిలో పైమెట్టు. బీడీ చుట్టినవాళ్లు ఆడవాళ్లు, లెక్క చూసి బాగా లేదని పక్కన పారేసినవాడు మగవాడు. ఎయిర్ కండిషన్ వచ్చాక కూడా అదే పద్ధతి నడవాలా?

మన సంఘం ఏం చేస్తోందో కూడా చూద్దాం. మహిళా దినోత్సవానికి ముగ్గుల పోటీ, వంటల పోటీ, శాలువా. పోయిన ఏడు శాలువా కప్పించుకున్న ఒకామె రెండు వందలమంది పనిచేసే విభాగాన్ని నడుపుతోంది. వేదికమీద ఆమెను "ఫలానా వారి కోడలు, చక్కగా పాడుతుంది" అని పరిచయం చేశారు. మన వివాహ వేదిక దరఖాస్తులో "పెళ్లి తర్వాత ఉద్యోగం మానడానికి సిద్ధమేనా" అన్న గడి అమ్మాయిల ఫారంలో మాత్రమే ఉంది.

గదుల విషయానికి వస్తాం. అద్దె పోతుందన్నారు. ఆ రెండు గదులకు ఇప్పుడు అద్దె రావడం లేదు. దసరా బొమ్మల కొలువు మెట్లు, పాత బ్యానర్లు, విరిగిన కుర్చీలు ఉన్నాయి. మేము ఉచితంగా అడగడం లేదు. నెలనెలా రుసుము కడతాం, ఆయాల జీతం మేమే ఇస్తాం, పోలీసు తనిఖీ అయిన మనుషుల్నే పెడతాం. ముహూర్తాల రోజుల్లో హాలు వాళ్లకు అడ్డు రాకుండా వెనక గుమ్మం వాడుకుంటాం. పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు. పదిహేనుమంది పిల్లలకు పేర్లు ఇప్పటికే వచ్చాయి, అందులో నలుగురు మగపిల్లల తండ్రులు స్వయంగా వచ్చి రాయించారు. పిల్లలకు సాయంత్రంపూట తెలుగు అక్షరాలు నేర్పుతామని ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయినులు ముందుకొచ్చారు. "మా మనవలకు తెలుగు రాదు" అని మన పెద్దలు ఎప్పుడూ బాధపడుతుంటారు కదా, వాళ్లు కూడా వచ్చి కూర్చోవచ్చు.

ఈ నెల ఆఖరి ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఇది ఏడో అంశం. సమావేశం పొద్దున 10:30కి. ఆ వేళకు ఇళ్లలో వంట, పిల్లల స్నానాలు అయ్యేది ఎవరికో, కానిది ఎవరికో అందరికీ తెలుసు. సాయంత్రం 4 గంటలకు మార్చమని, ఓటు కుటుంబానికి ఒకటి కాకుండా సభ్యులకు ఒకటి చొప్పున పెట్టమని కార్యదర్శిగారికి రెండు ఉత్తరాలు రాశాం. జవాబు రాలేదు. సమయం మారినా మారకపోయినా మేము ఏడుగురం వస్తున్నాం, పిల్లల్ని కూడా తీసుకొని.