ముందు లాగ్ చదవండి బాబూ!

మధురానగర్ మెట్రో స్టేషన్ నుంచి అమీర్‌పేట వైపు నడుస్తుంటే లినక్స్ నేర్పిస్తామనే బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. నేనూ ఒకచోట చేరాను. కమాండ్లు బాగానే చెప్పారు. సర్వర్ లేవకపోతే ఏం చదవాలో మాత్రం చెప్పలేదు.

సెలవుల్లో మధురానగర్ రూమ్‌లో పాత డెస్క్‌టాప్ మీద సెండ్‌మెయిల్ పెట్టాం. మన క్లబ్‌కి సొంత మెయిల్ ఉండాలని ఆశ. బూట్ అవుతూ అవుతూ సరిగ్గా సెండ్‌మెయిల్ దగ్గర ఆగింది. నిమిషం, రెండు నిమిషాలు... కదలదే! ఆఖరికి లేచింది గానీ రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ ఇదే తంతు.

"పర్మిషన్లన్నీ 777 ఇచ్చెయ్ బావా" అన్నాడొకడు. ఇచ్చాం. ఈసారి ఎలియాస్ ఫైలే తెరవనని మొండికేసింది. ఎవరుపడితే వాళ్లు రాయగలిగే డైరెక్టరీలో ఉన్న ఫైల్‌ని అది నమ్మదట. ఈ పట్టింపుని సడలించే ఆప్షన్ ఒకటుంది, దాని పేరే డోంట్‌బ్లేమ్‌సెండ్‌మెయిల్. తర్వాత నన్ను అనొద్దు అని ముందే చెప్పేశారు మహానుభావులు! ఇంకొకడి మాట విని ఫార్మాట్ కొట్టాం. మెషిన్‌కి మళ్లీ అదే పేరు పెట్టాం, మళ్లీ అక్కడే ఆగింది.

అప్పుడు తెరిచాం లాగ్. ఒక్క వాక్యం. నా హోస్ట్ పేరు పూర్తిగా లేదు, కాసేపు పడుకుని మళ్లీ చూస్తాను అని దాని భావం. అంటే మెషిన్‌కి పేరుంది, ఇంటిపేరు లేదు. (మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అది వెనక రాస్తుంది, అంతే తేడా.) హోస్ట్స్ ఫైల్‌లో ఐపీ పక్కన ముందు డొమైన్‌తో సహా పూర్తి పేరు, తర్వాత పొట్టి పేరు రాశాం. ఒక్క లైను. టక్కున లేచింది.

ఎరిక్ ఆల్మన్ బర్క్‌లీలో రాసిన ఈ సెండ్‌మెయిల్ 1983లో 4.1సి బీఎస్‌డీతో బయటికొచ్చింది. మనలో ఎవరూ అప్పటికి పుట్టలేదు. అయినా తన బాధేంటో తనే చెప్పుకుంది, వినలేదు మేము.

"ఇప్పుడంతా క్లౌడే, మెయిల్ సర్వర్ ఎవడు పెడతాడు?" అంటారు. సరే, పోస్ట్‌ఫిక్స్ పెట్టండి, ఇంకేదైనా పెట్టండి. 25వ పోర్ట్‌లో అప్పటికే వేరే మెయిల్ ప్రోగ్రామ్ కూర్చుని ఉంటే కొత్తది లేవదు. ఆ ముక్క లాగ్‌లో స్పష్టంగా ఉంటుంది. పదిసార్లు రీస్టార్ట్ కొడితే ముందున్నది లేచి సీటు ఇస్తుందా? ఎర్రర్‌లో సగం కాపీ చేసి ఏఐకి అతికిస్తే అదీ సగం జవాబే ఇస్తుంది.

తప్పంతా మనదే అనను. ల్యాబ్ పరీక్షలో పనిచేసే సర్వర్ కాదు, చెడగొట్టిన సర్వర్ ఇవ్వాలి. బాగుచేయలేకపోయినా, లాగ్‌లో ఏముందో సొంత మాటల్లో, తెలుగులోనైనా సరే, రాసినవాడికి సగం మార్కులు వేయాలి. ఇప్పుడు జరిగేదేంటి? రికార్డులో అందరి అవుట్‌పుట్ మొదటిసారే వచ్చేస్తుంది. నా రికార్డులు తిరగేసి చూశాను. మూడేళ్లలో ఒక్క ఎర్రర్ కూడా లేదు.